తెర వెనక రెండు సీట్లు

1, సోమవారం

ఈ పుస్తకం క్రికెట్ గ్రౌండువాళ్ళు నాకిచ్చింది. మొదటి తొమ్మిది పేజీల్లో తెల్లరంగు ఎంత, నూనె ఎంత, తెరకి ఎన్ని పూతలు అని రాసుంది. మిగతాదంతా ఖాళీ. రిటైరై పదకొండేళ్ళయినా పారెయ్యలేదు. కాగితం మంచిది.

మనసులో మాట నోటితో చెప్పుకునే మనిషిని కాను. చెబితే మా ఆవిడ దానికి నాలుగు కలుపుతుంది. అందుకని రాస్తున్నాను. బోర్డుల మీద అక్షరాలకి రంగు దిద్ది దిద్ది నేర్చుకున్న రాత ఇది. కోడి గెలికినట్టుంటుంది. నేను చదువుకోగలిగితే చాలు.

సంగతేమిటంటే, బావమరిది ఇవాళ నోరు విప్పి ఒక కోరిక కోరాడు.

"బావా, ఇరవై ఎనిమిదిన ఆటకి పోదామా?" అన్నాడు. గోడకేసి తిరిగి అన్నాడు. నేనటు ఉన్నాననుకున్నాడు.

"పోదాం. అదెంత పని" అన్నాను.

చూపు పూర్తిగా పోయి నాలుగు నెలలు. అప్పుడే మా ఆవిడ తమ్ముణ్ణి మా ఇంటికి తెచ్చుకుంది. ఒంటిగాడు, చూసేవాళ్ళెవరు? అప్పట్నించి మా ముందుగదిలో మంచం, కిటికీ, మళ్ళీ మంచం. వీధిలోకి అడుగు పెట్టలేదు. నలభై ఏళ్ళు షెడ్డులో మోటారు ఇంజన్లు బాగుచేసినవాడు. బండి వీధి మలుపు తిరక్కముందే దాని జబ్బేమిటో చెప్పేవాడు. ఇప్పుడు కంచం ఎక్కడుందో చెబితే గాని చెయ్యి చాపడు.

మాటిచ్చాను. నేనిస్తే ఇచ్చినట్టే.

2, మంగళవారం

అమ్మాయి ఫోనులో టికెట్టు చూపించింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. తూర్పు స్టాండు, మేమెప్పుడూ కూచునే వరస. నా రెండు నెలల పింఛను.

"ఇద్దరికా?"

"ఒక్కరికే నాన్నా."

"సీటు అమ్ముతున్నారా, స్టాండు అమ్ముతున్నారా?"

"నేను పెట్టుకుంటాలే" అంది.

కూతురి జీతంతో ఆట చూసే రోజు నాకింకా రాలేదు. ఆ మాటే అన్నాను. మొహం ముడుచుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది. అన్నం డబ్బా మరిచిపోయి వెళ్ళింది. వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు రాయను.

3, బుధవారం

ఫోను తప్పు చూపించి ఉంటుంది.

4, గురువారం

ఫోను తప్పు కాదు. స్వయంగా వెళ్ళొచ్చాను.

రిటైరయ్యాక నేను వరసలో నిలబడి టికెట్టు కొన్న కిటికీ ఇప్పుడు లేదు. ఇటుకలు పేర్చి మూసేశారు. దాని మీద ఒకే పూత వేశారు. ఇటుక ఇటుకా లెక్కపెట్టొచ్చు. పనిదొంగలు. ఆ గోడ మీద నల్ల చుక్కల చదరం కాగితం ఒకటి అంటించారు.

"దాన్ని ఫోనుతో చూడాలి తాతా" అన్నాడు గేటు కాపలావాడు.

"నాకు కళ్ళున్నాయి."

"కళ్ళతో చూస్తే కనపడదు."

ఇదేం చోద్యమో అనుకుంటుండగా తెర మేస్త్రీ కనిపించాడు. నా చేతికింద పని నేర్చుకున్నవాడు. బ్యాటు పట్టినవాడికి బంతి తెల్లగోడ ముందు నించి వచ్చినట్టు తెలియాలని, బంతి వేసేవాడి వెనక గట్టున తెల్లతెర నిలబెడతారు. మా రోజుల్లో అది కొయ్యది, చక్రాల మీద ఉండేది. బ్యాటువాడు చెయ్యి ఊపితే అటో ఇటో తొయ్యాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే నా పని. ఇప్పుడది ఇనుపది, కదలదు. వీడు మీట నొక్కుతాడు, ఓవరుకీ ఓవరుకీ మధ్య అందులో పలకలు తిరిగి ప్రకటన వస్తుంది, మళ్ళీ నొక్కితే తెల్లగా అవుతుంది. మీట నొక్కేవాణ్ని మేస్త్రీ అంటున్నారు.

"గురువుగారూ, నా వంతుకి రెండు పాసులున్నాయి. తీసుకుపోండి" అన్నాడు.

"నేను పనిచేసినన్నాళ్ళు మా బావమరిది టికెట్టు కొనే వచ్చాడురా. తెర తోసేవాడి బంధువునని ఒక్కనాడు దొడ్డిదారిన రాలేదు. ఇప్పుడు గుడ్డివాడయ్యాడని తీసుకొస్తానా?"

వాడు తల గోక్కున్నాడు. మంచివాడే. టీ ఇప్పించాడు. టీ తాగాను, అది వేరు.

6, శనివారం

గ్రౌండు ఆఫీసులో టికెట్ల సంగతి చూసే ఆవిడ గది పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళుంటాయి. ముందర మూడు కంప్యూటరు తెరలు పెట్టుకుని కూచుంది. నాకు తెలుసుకోవాలనిపించింది, అంతే. బేరానికి పోలేదు.

"ఈ ధర ఎవరు పెడతారు తల్లీ?"

"మెషినే పెడుతుంది పెద్దాయనా."

"మెషినుకి ఎవరు చెప్పారు?"

"జనమే. ఒక సీటుకేసి ఎంతమంది చూస్తే దాని ధర అంత పెరుగుతుంది. ఎవరూ చూడకపోతే తగ్గుతుంది."

"కొనకుండా ఊరికే చూసినా?"

"చూసినా చాలు."

బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని మా అమ్మ అనేది. ఇదేం సీటో, కళ్ళు పడినకొద్దీ పగలకపోగా బలుస్తోంది. ఇంకో ప్రశ్న అడగాల్సింది, దిగాక తట్టింది. అసలు ఎవరూ చూడని సీటు ఉంటే దాని ధరెంత?

7, ఆదివారం

అమ్మాయి తగ్గిందేమోనని గంటకోసారి చూస్తోందట. పెంచుతున్నది నువ్వేనన్నాను. ఇంట్లో ఎవరూ ఫోనులో ఆ సీట్ల జోలికి పోవద్దని చెప్పాను.

"విన్నావుటే, కళ్ళు మూసుకుని కొనాలట" అంది మా ఆవిడ కూతురితో. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వనీ.

తర్వాత బట్టలు ఆరేస్తూ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది. "అయినా, చూడలేనివాడికి అంత చూపైన సీటు దేనికయ్యా?"

"సొంత తమ్ముణ్ణి అంత మాటంటావా?"

"నా తమ్ముణ్ణి నేనేమీ అనలేదు. నిన్నంటున్నాను."

ఆడవాళ్ళతో వాదన దండగ.

8, సోమవారం

తగ్గలేదు. మేం చూడ్డం మానేసినా తగ్గలేదు. ఇంకెవరో చూస్తున్నారు.

10, బుధవారం

రెండేళ్ళ కిందటి సంగతి. బావమరిదికి కంట్లో ఒత్తిడి ఉందని పెద్దాసుపత్రికి రమ్మన్నారు. చీటీలో వేసిన రోజూ ఆట రోజూ ఒకటే అయ్యాయి. కన్నెక్కడికీ పోదురా, ఆట పోతుంది అన్నాను. నవ్వి నాతో వచ్చాడు. మళ్ళీ వంతు రావడానికి మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలల్లోనే పోయిందా అంటే డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇది రాయడానికి కాదు పుస్తకం తీసింది.

13, శనివారం

ఇవాళ టీవీలో వేరే ఊళ్ళో ఆట వచ్చింది. బావమరిదిని కుర్చీలో కూచోబెట్టి గొంతు పెంచాను. ఇది కుదిరితే ఇరవై ఎనిమిదిన ఇంట్లోనే కానివ్వొచ్చని ఒక ఆలోచన. మాట తప్పడం కాదు. ఊరికే, కుదురుతుందేమోనని.

పది నిమిషాలు విని, "కట్టెయ్ బావా" అన్నాడు.

"ఏం, బాగానే ఉందిగా?"

"ఇది ఆట చప్పుడు కాదు. ఆట గురించి వాగేవాళ్ళ చప్పుడు."

కట్టేశాను. తర్వాత వాడే అన్నాడు.

"నీకో నిజం చెప్పనా? కోప్పడకూడదు."

"చెప్పు."

"పోయినేడాది తూర్పు స్టాండులో కూచున్నామా, అప్పటికే నాకేమీ కనపడ్డం లేదు. ఎండ ఒకవైపు, నీడ ఒకవైపు, అంతే. నువ్వు ఆహా అంటే ఆహా అన్నాను. ఛ అంటే ఛ అన్నాను."

"మరి చెప్పవేం?"

"నువ్వంత సంబరంగా ఉంటే ఎట్లా చెప్పను? అది సరే, వినైనా విందామంటే నెత్తి మీద ఆ పెద్ద స్పీకరు. బంతికీ బంతికీ మధ్య పాట, బంతి వేసేటప్పుడు కూడా పాట తోక. బ్యాటుకి తగిలిన చప్పుడు ఆ రోజంతా నాలుగుసార్లు వినపడిందేమో."

"మరి మళ్ళీ ఎందుకు పోదామన్నావు?"

"ఆ నాలుగు చప్పుళ్ళ కోసమే బావా."

నేను లేచి కుళాయి కట్టేసొచ్చాను. కుళాయి కట్టే ఉంది.

14, ఆదివారం

పొద్దున గడ్డం గీసుకుంటుండగా తట్టింది. చెంప తెగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఆట ఎక్కణ్ణించి చూశాను? చూడలేదు. తెర వెనక నిలబడ్డాను. తెర పైకి రెండు నిలువుల ఎత్తు. నాకు కనపడింది కొయ్య, చక్రం, నా రంగు. కానీ ఆట తెలిసేది. బంతి వేసేవాడు నా వైపు నించే పరుగెత్తుతాడు. తెర కింద జానెడు సందు. బ్యాటు చప్పుడు నేల మీద జారుకుంటూ తిన్నగా కాళ్ళ దగ్గరికొచ్చేది. తూర్పు స్టాండుకి పక్క చప్పుడే పోతుంది, మాకు నిండు చప్పుడొచ్చేది.

తెర వెనక ఇప్పుడూ మూడు వరసల సిమెంటు బల్లలున్నాయి. వాటి మీద ఎవరూ కూచోరు. ఏమీ కనపడదు కనక. కనపడదు కనక ఎవరూ చూడరు.

మా ఆవిడ ఏడో తారీకునే చెప్పింది. ఆ సంగతి ఆవిడతో అనను.

16, మంగళవారం

"తెర వెనక వరసల ధరెంత?" అన్నాను టికెట్లావిడతో.

"వాటికి ధర లేదు పెద్దాయనా."

"మెషినులో చూడు తల్లీ."

"మెషినులో ఆ సీట్లే లేవు. అక్కణ్ణించి ఏమీ కనపడదు."

"మాలో ఒకడికి ఎక్కణ్ణించీ కనపడదు. రెండోవాణ్ని నేను. నేను అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళు కనపడకుండానే గడిపాను."

ఆవిడ మూడు తెరలూ వదిలేసి నాకేసి తిరిగింది. బావమరిది సంగతి చెప్పాను. ఏడుపు కలపకుండా చెప్పాను. స్పీకర్ల సంగతి అడిగాను. అవన్నీ స్టాండ్లకేసి తిరిగి ఉంటాయి, తెర వెనక్కి లేవు అంది.

"సరే, వచ్చి కూచోండి. నేను చెబుతాను గేట్లో."

"ఊరికే రాను. టికెట్టు ఇవ్వండి."

"లేని సీటుకి టికెట్టెలా ఇస్తాను?"

"అది మీ పని. కూచోవడం మా పని."

నవ్వింది. పైవాళ్ళని అడగాలంది. అక్కడ మనుషులు కదిలితే బ్యాటువాడికి ఇబ్బందని అభ్యంతరం పెడతారట. హామీ కాగితం రాసివ్వమంది.

17, బుధవారం

కాగితం మూడుసార్లు రాశాను. అక్షరాలు వంకర పోకుండా గీతలు గీసుకున్నాను. రెండోసారి రాసిందాంట్లో నేనెవరో అరపేజీ అయింది, చించేశాను. చివరికి తేలింది ఇది.

"అయ్యా, మేమిద్దరం ముసలివాళ్ళం. తెర వెనక రెండో వరసలో కూచుంటాం. బంతి పడేదాకా కదలం. తెరకన్నా పైకి తల ఎత్తం. తెల్లతెర ముందుకి రాం. మెరిసే బట్టలు కట్టుకోం. బంతి వేసేటప్పుడు తెర దగ్గర కదలకూడదని మాకు మీరు చెప్పక్కర్లేదు. టికెట్టు మాత్రం కావాలి."

బావమరిదికి ఇంకా చెప్పలేదు. కాకపోతే ఏం చెప్పను?

19, శుక్రవారం

జవాబు లేదు.

20, శనివారం

జవాబు లేదు. బావమరిది అడగలేదు. వాడు అడగకపోవడం అడగడం కన్నా కష్టంగా ఉంది.

23, మంగళవారం

ఒప్పుకున్నారు!

టికెట్లావిడ తనే అమ్మాయి ఫోనుకి కబురు చేసింది. వెళ్ళాను. రెండు సీట్లు మెషినులోకి ఎక్కించిందట. ధర చూపించింది. ఒకటి. ఒకటంటే ఒక్క రూపాయే. ఈ రోజుల్లో ఒకటికి అగ్గిపుల్ల కూడా రాదు.

"ఇదేం ధర?"

"సున్నా వెయ్యబోతే మెషిను ఒప్పుకోలేదు పెద్దాయనా. అందుకని ఒకటి వేశాను."

"ఇది పాసుకి ముసుగేసినట్టుంది. పెంచు."

"ఏమిటీ?"

"పెంచమంటున్నాను."

పక్క బల్ల దగ్గరున్నాయన లేచొచ్చి చూశాడు, ఎవడీ పిచ్చివాడని. ధర పెంచమని బేరమాడింది నా జన్మలో ఇదే. ఆవిడ రెండు టీల ఖరీదు వేస్తానంది. నేను కాదన్నాను. "ఇంతకన్నా పెంచితే కొనేవాడు పారిపోతాడేమో పెద్దాయనా" అంది మొహం బిగబట్టి. గడుసుది. చివరికి నేను రిటైరైన ఏడు తూర్పు స్టాండుకి ఏ ధర ఉందో ఆ ధర దగ్గర తెగింది. నాకు గుర్తుంది. ఆ బోర్డుకి రంగేసింది నేనే.

రెండు టికెట్లు కాగితం మీద అచ్చేసి ఇచ్చింది. ఇంటికొచ్చి ఒకటి బావమరిది చేతిలో పెట్టాను. వేళ్ళతో అంచులన్నీ తడిమాడు.

"తూర్పు స్టాండేనా?"

"కాదు. అంతకన్నా మంచిది."

"అంతకన్నా మంచిదెక్కడుంది?"

"నా ఆఫీసు" అన్నాను.

27, శనివారం

బూడిదరంగు చొక్కాలు రెండు ఇస్త్రీ చేయించాను. బావమరిది గడ్డం నేనే గీశాను. నాకన్నా తక్కువ తెగింది.

29, సోమవారం

నిన్న రాయలేదు. వచ్చేసరికి ఒళ్ళు హూనమైంది. ఉన్నదున్నట్టు ఇవాళ రాస్తాను.

గడప దగ్గర పది నిమిషాలు ఆగిపోయాడు. మా ఆవిడ చెయ్యి పట్టుకోబోతే "ఉండక్కా" అని విదిలించుకున్నాడు. నేను ముందు నడిచాను. నా చెప్పుల చప్పుడు పట్టుకుని వెనకే వచ్చాడు. చెప్పులు నేల మీద గట్టిగా ఈడ్చి నడిచాను. అరుగుల మీది వాళ్ళు నాకేమైందో అనుకుని ఉంటారు.

తెర వెనక రెండో వరస. ఇనుప గొట్టాలు, తీగలు, తెర వీపు. తెర మేస్త్రీ తన మీట పెట్టె పక్కన నిలబడి గురువుగారూ అని దణ్ణం పెట్టాడు. పాటలు వినపడుతున్నాయి గాని పక్కింట్లో మోగినట్టు దూరంగా. ఆట మొదలయ్యేసరికి నాకు ఒక్కసారిగా చిరాకొచ్చింది. వేలమంది చూస్తున్నారు. నేను తుప్పు చూస్తున్నాను.

రెండు పలకల మధ్య వేలెడు సందు కనిపించింది. అటు వంగాను.

"వంగకు బావా. కాగితం రాసిచ్చావుగా" అన్నాడు.

"వంగలేదు."

"నీ మోకాలు చప్పుడు నాకు తెలీదా?"

బుద్ధిగా కూచున్నాను. అప్పుడు మొదలెట్టాడు వాడు.

"నిండుగా తగిలింది. నేల మీద పోయింది. ఎడమ పక్కకి." ఒక క్షణమాగి ఎడమ స్టాండు అరిచింది. "ఇది అడుగున తగిలింది, గుల్ల చప్పుడు. పరుగు లేదు." స్టాండ్లు కిక్కురుమనలేదు. "ఈ బంతి వేసేవాడికి కుడికాలు బరువు. ఆఖరి అడుగు ఈడుస్తున్నాడు. ఇంకో రెండు ఓవర్లకి మారుస్తారు చూడు." మూడు ఓవర్లకి మార్చారు. పలకలు టకటకా తిరిగితే, "ఓవరైపోయింది" అనేవాడు. తెర మేస్త్రీ నోరెళ్ళబెట్టి మా వైపే చూస్తున్నాడు. మీట నొక్కడం మరిచిపోతాడేమోనని కసిరాను.

"ఎట్లా తెలుస్తోందిరా నీకు?"

"ఇంజను విప్పకుండా చెప్పేవాణ్ని కదా. ఇదీ అంతే. మూత తీస్తే అందరూ చెబుతారు."

ఇన్నేళ్ళూ స్టాండులో నేను చెబితే వాడు విన్నాడు. నిన్న వాడు చెబితే నేను విన్నాను. నేను ఆహా అన్నప్పుడు ఒకటి రెండుసార్లు ఎందుకన్నానో నాకే తెలీదు. వాడు అన్నాడని అన్నాను. పోయినేడాది వాడికి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం దాటాక స్టాండ్లన్నీ చల్లబడ్డ వేళ చూసి అడిగేశాను. అడగాలని పోలేదు.

"ఒరేయ్. ఆ రోజు ఆసుపత్రికి పోవాల్సింది కదురా. ఆటకి లాక్కొచ్చింది నేను కదా."

వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా.

"ష్. పరుగెత్తుతున్నాడు."

నిజమే. అడుగులు వినపడ్డాయి. నాకూ వినపడ్డాయి. దబ్, దబ్, దబ్, ఆఖరిది ఈడ్చినట్టు, పొద్దుటి కుడికాలు బరువువాడే మళ్ళీ. తర్వాత ఎండుపుల్ల విరిగినట్టు సన్నగా ఒక చప్పుడు.

"అంచు" అన్నాన్నేను.

"అంచే" అన్నాడు. అప్పుడు లేచింది జనం అరుపు, తెర ఊగిపోయేట్టు.

చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆట అయ్యేదాకా అక్కడే ఉంచాడు.

30, మంగళవారం

పొద్దున ముందుగది మంచం ఖాళీగా ఉంది. చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. చూస్తే వీధి అరుగు మీద కూచుని పక్కింటాయన బండికి జబ్బేమిటో చెబుతున్నాడు. ఆయన ఒప్పుకోవడం లేదు. వీడు తగ్గడం లేదు.

అమ్మాయి వచ్చే నెల ఆటకి తెర వెనక సీట్లు ఉన్నాయేమో ఫోనులో వెతకబోయింది.

"చూడకు" అన్నాను. "నేనే వెళ్ళి తెస్తాను."